గాజులు తాకట్టు పెట్టకండి, ముందు సాంపిల్ తెప్పించండి

ప్రశ్న: మాది బరంపురం. మా ఆయనకు చిన్న కిరాణా కొట్టు ఉంది. పిల్లలిద్దరూ హైస్కూలుకు వచ్చేశారు, నాకు కాస్త తీరిక దొరికింది. మేలు రకం టీ తెప్పించి, చిన్న ప్యాకెట్లు కట్టి, సొంత పేరుతో అమ్మాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను. మా మరిదికి సిలిగురిలో ఒక బ్రోకర్ పరిచయం. డార్జిలింగ్ ఫస్ట్ ఫ్లష్ కిలో 900 రూపాయలకు ఇస్తాడట, కానీ 50 కిలోలకు తక్కువైతే ఇవ్వడట. నా గాజులు తాకట్టు పెడితే ఆ డబ్బు సర్దుకుంటుంది. "పాలు లేని టీ ఈ ఊళ్లో ఎవరు తాగుతారు?" అంటారు మా అత్తగారు. దసరా లోపు మొదలుపెట్టాలని ఉంది. ఈ ఆగస్టు నెలంతా టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, బరంపురం

సమాధానం:

చెల్లెమ్మా, మీ గాజులు మీ చేతికే ఉండనివ్వండి. వ్యాపారం వద్దని చెప్పడం లేదు. తప్పకుండా చేయండి. పర్లాకిమిడిలో 20 ఏళ్లకు పైగా టీపొడి అమ్మినవాణ్ణి, ఈ సరకు మీద బతికినవాణ్ణి. మంచి టీకి మన ఒడిశా–ఆంధ్ర సరిహద్దు ఊళ్లలో గిరాకీ ఉంది. కానీ రుచి చూడని 50 కిలోల కోసం 45,000 రూపాయలు ఒక్క దెబ్బకు పెట్టేయడం మొదటి అడుగు కాకూడదు.

ముందు ఆ బ్రోకర్ మాట చూద్దాం. డార్జిలింగ్‌లో చలికాలమంతా చెట్టు చిగురు వేయదు. ఫిబ్రవరి చివర్లో మొదలై ఏప్రిల్ నడిమి దాకా వచ్చే తొలి చిగురునే ఫస్ట్ ఫ్లష్ అంటారు. లేత రంగు, పూల వాసన, నాలుక మీద కొంచెం చురుకు దాని గుణాలు. మే, జూన్ నెలల్లో సెకండ్ ఫ్లష్ వస్తుంది. ద్రాక్షపండు లాంటి మస్కటెల్ వాసన దానిదే. జూలై నుంచి వానాకాలపు ఆకు. అది దండిగా వస్తుంది, ధర తగ్గుతుంది, వాసన పలచబడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో ఆటమ్న్ ఫ్లష్. ఇప్పుడు ఆగస్టు నడుస్తోంది. తొలి చిగురు కోసి నాలుగైదు నెలలైంది. దాని విలువంతా ఆ తాజా వాసనలోనే కాబట్టి మంచి లాట్లు, అంటే ఒక్కో విడతగా తయారైన సరకు, చాలావరకు వేసవిలోనే అమ్ముడైపోతాయి. మరి ఇతని దగ్గర 50 కిలోలు ఎందుకు మిగిలాయి? ఏ తోటది? ఏ తేదీన తయారైంది? మీ ఉత్తరంలో ఈ మూడూ లేవు. అతను మోసగాడని నేను అనను, అతను నాకు తెలియదు. అడగకుండా డబ్బు పంపడమే తప్పు.

ఈ తప్పు నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. నాలుగో ఏడాదిలో ఒక వ్యాపారి పంపిన సాంపిల్ తాగి మనసు పారేసుకున్నాను. కవరు మీద లాట్ నంబరు లేదు, నేనూ అడగలేదు. ఆ సాంపిల్‌లో ఒక్క చెంచా అయినా దాచుకోలేదు. సరకు వచ్చాక తాగితే వేరే రుచి. ఫోన్ చేస్తే "అదే సరకు, మీ నీళ్లలో తేడా" అన్నాడు. పక్కపక్కన పెట్టి చూపించడానికి నా దగ్గర ఏం మిగిలింది? ఆ ఏడాది లాభం ఆ బస్తాల్లోనే పోయింది. అప్పటి నుంచి ప్రతి సాంపిల్‌లో సగం మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేసి, పేరు, తేదీ, ధర రాసి దాచేవాణ్ణి. సరకు దిగిన రోజే రెండూ ఒకే నీళ్లతో కాచి చూసేవాణ్ణి. మీరూ మొదటి రోజు నుంచీ ఇలాగే చేయండి.

ఇక మీ అత్తగారి మాట. ఆవిడ అన్నదాంట్లో ముప్పావు వంతు నిజం. బరంపురం, ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడ, ఎటు చూసినా మన ఇళ్లలో టీ అంటే పాలు, పంచదార, పొయ్యి మీద మరుగు. ఆ గిన్నెలో ఫస్ట్ ఫ్లష్ వేస్తే పాలల్లో కలిసి కనిపించకుండా పోతుంది. తాగినవాళ్లు "ఇంత ధర పెట్టి కొంటే రంగే లేదు" అంటారు, రెండో ప్యాకెట్ కొనరు. అందుకే నేనైతే మొదటి సరకుగా అస్సాం తీసుకుంటాను. అస్సాంలో మే చివరి నుంచి జూన్ దాకా కోసే సెకండ్ ఫ్లష్‌కు వేయించిన ధాన్యం లాంటి మాల్ట్ వాసన, చిక్కటి ఎర్ర రంగు, పాలను తట్టుకునే బలం ఉంటాయి. కొన్ని తోటల ఆకులో బంగారు రంగు మొగ్గలు కళ్లకు కనిపిస్తాయి. ఇలాంటి ప్రత్యేక రకం ఒకటి గువాహటి వేలంలో 2021 డిసెంబరులో కిలో 99,999 రూపాయలు పలికింది. అది మనం అమ్మే సరకు కాదు. పాల టీకి పేరుపడ్డ అస్సాంలో ఆకు ఏ స్థాయి దాకా వెళ్లగలదో తెలుస్తుందని చెప్పాను.

అస్సాం ఆకు రెండు రకాలుగా తయారవుతుంది. రోలర్ల మధ్య నలిపి, చింపి, గుండ్రంగా చుట్టే పద్ధతి సీటీసీ. 1930ల్లో అస్సాంలోనే పుట్టింది. మనకు అలవాటైన గుండ్రటి గింజ ఇదే, రంగు త్వరగా దిగుతుంది. ఆకును నలగ్గొట్టకుండా మెలితిప్పి ఆరబెట్టేది ఆర్థడాక్స్. వాసన ఎక్కువ, రంగు నెమ్మది. మీ మొదటి ప్యాకెట్ ఈ రెండింటి కలయిక కావాలని నా సలహా. రంగుకూ బలానికీ మేలు రకం సీటీసీ మూడు పాళ్లు, వాసనకు అస్సాం ఆర్థడాక్స్ ఒక పాలు. ఇక్కడ మొదలుపెట్టి మీ నాలుకకు, మీ పాలకు తగ్గట్టు మార్చుకోండి. ప్రతి మిశ్రమాన్నీ గ్రాముల్లో తూచి నోటుబుక్‌లో రాయండి. వచ్చే ఏడాది ఆకు గుణం కొంచెం మారుతుంది, అప్పుడు పాళ్లు సర్దుకుని అదే రుచికి తెచ్చుకోవాలి. ఆ నోటుబుక్ లేకపోతే అది కుదరదు.

రుచి చూడటానికి పెద్ద చదువు అక్కర్లేదు, ఓపిక కావాలి. తెల్ల కప్పులు నాలుగు, నగల తూకానికి వాడేలాంటి చిన్న డిజిటల్ త్రాసు, ఫోన్‌లో టైమర్. 100 మిల్లీలీటర్ల నీళ్లకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు, మూత పెట్టి. టీ పోల్చి చూసే అంతర్జాతీయ పద్ధతి ఇదే. తాగడానికి ఇది గాఢంగా ఉంటుంది, లోపం ఉంటే దాక్కోకుండా బయటపడుతుంది. ఒక్కో రకం విడిగా తాగితే అన్నీ బాగున్నట్టే ఉంటాయి. నాలుగూ పక్కపక్కన పెడితేనే తేడా తెలుస్తుంది. వడకట్టాక తడి ఆకు వాసన కూడా చూడండి. మాడు వాసన, బూజు వాసన, గోనెసంచి వాసన అక్కడే పట్టుబడతాయి. తర్వాత అదే ఆకును మీ ఇంట్లో రోజూ కాచినట్టే పాలతో కాచి, మీ అత్తగారికి ఇవ్వండి. పేరు, ధర చెప్పకుండా ఇవ్వండి. ఆవిడ మీకు దొరికిన గొప్ప పరీక్షకురాలు.

నీళ్ల సంగతి మర్చిపోకండి. అదే ఆకు బోరు నీళ్లలో ఒకలా, కుళాయి నీళ్లలో ఒకలా, ఫిల్టర్ నీళ్లలో ఇంకోలా వస్తుంది. ఉప్పదనం, సున్నం ఎక్కువున్న నీళ్లలో టీ మీద సన్నటి పొర తేలుతుంది, వాసన చచ్చిపోతుంది. కోల్‌కతాలో బాగున్న టీ మీ వీధిలో బాగుండాలని లేదు. నన్ను తప్పుదారి పట్టించడానికి ఆ వ్యాపారి వాడుకున్న మాటే అయినా, మాట మాత్రం నిజం. అందుకే మూడు రకాల నీళ్లతోనూ కాచి చూసి, మూడింటిలోనూ నిలబడ్డదాన్నే కొనండి.

డార్జిలింగ్‌ను పూర్తిగా వదిలేయమనడం లేదు. మీ అత్తగారి మాటలో మిగిలిన పావు వంతు ఇక్కడుంది. మీకు 15 కిలోమీటర్ల దూరంలో గోపాల్‌పూర్ ఉంది. దుర్గాపూజ సెలవుల నుంచి చలికాలం దాకా అక్కడికి బెంగాలీ కుటుంబాలు వస్తాయి. పాలు లేకుండా డార్జిలింగ్ తాగడం వాళ్లలో చాలామందికి ఇంటి అలవాటు. సముద్రం ఒడ్డున హోటల్‌లో దిగినవాళ్లకు పొద్దున్నే మంచి టీ దొరకడం అరుదు. రెండు మూడు హోటళ్లతో మాట్లాడి, వాళ్ల వంటమనిషికి ఎలా కాచాలో మీరే చేసి చూపించండి. నీళ్లు మరిగాక దించి, ఒక్క నిమిషం ఆగి, ఆకు వేసి మూడు నిమిషాలు నాననిచ్చి వడకట్టాలి. బరంపురంలో విశ్వవిద్యాలయం, మెడికల్ కాలేజీ, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి. దేశమంతా తిరిగి వచ్చిన అధ్యాపకులు, డాక్టర్లు ఉన్నారు. వీళ్లందరి కోసం మొదట 2 కిలోల డార్జిలింగ్ చాలు. ఇప్పుడైతే సెకండ్ ఫ్లష్ అడగండి, జూన్ ఆకు ఇంకా తాజాగా ఉంటుంది. ఫస్ట్ ఫ్లష్ కావాలంటే వచ్చే మార్చిలో చూద్దురుగాని.

ఎండాకాలం కోసం నీలగిరి ఆర్థడాక్స్ గుర్తుపెట్టుకోండి. దాన్ని చల్లార్చి ఐసు వేసినా మిగతా టీల్లా మబ్బు పట్టదు, తేటగా ఉంటుంది. డిసెంబరు, జనవరి చలిలో కోసే ఆకు మరీ సువాసన. మన తీరంలో ఏప్రిల్, మే ఉక్కపోతకు నిమ్మరసం పిండిన చల్లటి టీ బాగా పోతుంది.

ఎక్కడ కొనాలి? వేలం కేంద్రాలు కోల్‌కతా, గువాహటి, సిలిగురి, కూనూరు, కోయంబత్తూరు, కొచ్చిల్లో ఉన్నాయి. అక్కడ కేంద్ర ప్రభుత్వపు టీ బోర్డు దగ్గర నమోదైన కొనుగోలుదారులే పాడతారు, లాట్లు పెద్దవి. మన స్థాయికి అది పనికిరాదు. మనకు రెండు దారులు. చిన్న మొత్తాలు నేరుగా అమ్మే తోటలు ఉన్నాయి, వాళ్లకు మెయిల్ రాస్తే సాంపిల్ పంపుతారు, కొందరు దానికి డబ్బు తీసుకుంటారు. ఇవ్వండి, అది వృథా ఖర్చు కాదు. రెండోది కోల్‌కతా టోకు వ్యాపారులు. బరంపురం హౌరా–చెన్నై లైను మీదే ఉంది, రాత్రి బండి ఎక్కితే పొద్దున్నకు కోల్‌కతాలో దిగుతారు. మీరూ మీ ఆయనా ఒకసారి వెళ్లి రండి. నలుగురి దగ్గర కూర్చుని తాగితే, నా ఉత్తరంలో ఉన్నదానికంటే ఎక్కువ ఒక్క రోజులో నేర్చుకుంటారు. ఎవరి దగ్గర కొన్నా బిల్లు మీద తోట పేరు, గ్రేడు, లాట్ నంబరు ఉండాలి. గ్రేడు అక్షరాలు చూసి బెదరకండి. ఎస్‌ఎఫ్‌టీజీఎఫ్‌ఓపీ అని ఎంత పొడుగ్గా రాసినా అది ఆకు సైజు, మొగ్గల గురించే చెబుతుంది. రుచి చెప్పాల్సింది మీ నాలుక.

డార్జిలింగ్ పేరు విషయంలో ఇంకొక జాగ్రత్త. 2004లో భారతదేశంలో మొట్టమొదటి భౌగోళిక గుర్తింపు పొందింది ఆ టీయే. నమోదైన 87 తోటల ఆకుకే ఆ పేరు చెల్లుతుంది. పక్కనే నేపాల్ కొండల్లో పండే టీ చూడటానికి దగ్గరగా ఉంటుంది, కొందరు దాన్నే డార్జిలింగ్ అని అమ్ముతారు. నేపాల్ టీలోనూ చాలా మంచివి ఉన్నాయి, కానీ వేరే పేరుతో అమ్మితే మీరూ ఆ తప్పులో భాగమవుతారు. చేతిలో ఆకులు పట్టుకున్న స్త్రీ బొమ్మ లోగో మీ ప్యాకెట్ మీద వేయాలంటే టీ బోర్డు అనుమతి కావాలి. ఆ అనుమతి వచ్చేదాకా అస్సాం మిశ్రమం మీదే ఎక్కువ దృష్టి పెట్టండి.

ఇప్పుడు అన్నిటికంటే నాకు భయం కలిగించే విషయం. మీ సరకు మీ ఆయన కొట్టులో పెడతారా? వద్దు. టీ ఆకు పక్కనున్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుంది. మల్లెపూల మధ్య పెట్టి మల్లె టీ చేసేది ఆ గుణంతోనే. కొట్టులో ఎండుమిర్చి, ఇంగువ, అగరుబత్తీలు, సబ్బులు, మన బరంపురం ఆవకాయలు ఉంటాయి. ఎండుచేపలు అమ్మే కొట్టు పక్కన ఉంటే చెప్పనే అక్కర్లేదు. నేనొకసారి ధనియాల బస్తాల పక్కన పెట్టి ఒక పెట్టె పాడుచేసుకున్నాను. ఇంట్లో వంటింటికి దూరంగా, ఎండ తగలని గది ఒకటి చూసుకోండి. అగరుబత్తి కూడా ఆ గదిలో వెలిగించకండి. కోరాపుట్ కాఫీ కూడా అమ్మాలనిపిస్తే, అది మంచి ఆలోచనే, కానీ వేరే గదిలో. మన సముద్రపు తేమ ఇంకో శత్రువు. వాన పడుతున్న రోజున బస్తా విప్పి ప్యాకెట్లు కట్టకండి. లోపల అల్యూమినియం పొర ఉన్న పౌచ్‌లు వాడండి. గాజు సీసా అందంగా ఉంటుంది గానీ వెలుతురు తగిలి ఆకు వాసన పోతుంది.

మొగలి గురించి మీకు ఆలోచన వచ్చే ఉంటుంది. గంజాం మొగలిపువ్వుకు దేశంలో అంత పేరుంది మరి. మొగలి వాసన పట్టించిన టీ అమ్మితే మన ప్రాంతపు గుర్తుగా ఉంటుందని నాకూ చాలాసార్లు అనిపించింది. చేయండి, కానీ రెండో ఏడాది. ఆ వాసన బలానికి ఒక్క డబ్బా చాలు, గదిలోని మిగతా టీ అంతటికీ అంటుకుంటుంది. దానికి వేరే గిన్నెలు, వేరే చోటు కావాలి. వాసన కలిపిన టీకి లేబుల్ నియమాలు కూడా వేరుగా ఉంటాయి.

లెక్క చూద్దాం. ఉదాహరణకు మీ మిశ్రమం కిలో 600 పడిందనుకోండి. 100 గ్రాముల ప్యాకెట్‌లో ఆకు 60, రవాణా, తరుగు 5, పౌచ్, లేబుల్ 12, సాంపిళ్ల ఖర్చు 8. మొత్తం 85 రూపాయలు. ఎంఆర్‌పీ 150 పెడితే, అందులో 5 శాతం జీఎస్టీ సుమారు 7. మీరే నేరుగా అమ్మితే 58 మిగులుతుంది. వేరే కొట్టుకు వేసి వాళ్లకు 30 వదిలితే మీకు 28. నెలకు 200 ప్యాకెట్లు, సగం సగం అమ్ముడైతే 8,600 రూపాయలు. ఇందులోంచే డెలివరీ, కరెంటు, మీ శ్రమ. ఇది చిన్నగా మొదలై పెరిగే వ్యాపారం, తాకట్టు వడ్డీ మోసే బలం మొదటి ఏడాది దీనికి ఉండదు. కొనేవాళ్లకు మాత్రం ఇంకో లెక్క చెప్పండి. కప్పుకు 2 గ్రాములు వేస్తే 100 గ్రాములకు 50 కప్పులు, అంటే కప్పుకు 3 రూపాయల ఆకు. డార్జిలింగ్ 50 గ్రాములు 250 పెట్టినా 25 కప్పులొస్తాయి, కప్పు 10 రూపాయలు. ప్యాకెట్ ధర విని వెనక్కి తగ్గినవాళ్లు కప్పు ధర విని ఆగుతారు. నా కొట్టులో ఇది రోజూ చూశాను.

మొదటి విడతకు అస్సాం 15 కిలోలు, డార్జిలింగ్ 2 కిలోలు, పౌచ్‌లు, త్రాసు, సీలింగ్ మిషన్, సాంపిళ్లు, ప్రయాణం. 25,000 నుంచి 30,000 లోపు కుదురుతుంది. అది కూడా చేతిలో ఉన్న డబ్బుతోనే.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. మీ ఆయన కొట్టుకు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నమోదు ఉన్నా అది అమ్మడానికే. విడి సరకు తెచ్చి ప్యాకెట్ కట్టడం వేరే పనిగా లెక్క, దాన్ని చేర్పించుకోవాలి. తూనికలు కొలతల శాఖలో ప్యాకర్‌గా నమోదు కావాలి. ప్యాకెట్ మీద మీ చిరునామా, నికర బరువు, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన తేదీ, ఫోన్ నంబరు లాంటివి ఉండాలి. వివరాలు ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ తప్పనిసరి. వెనకవైపు ఎలా కాచాలో ఒడియాలో, తెలుగులో రెండింటిలోనూ రాయండి. మన ఊళ్లలో ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష. రెండూ చదివేవాళ్లు మీ ప్యాకెట్‌ను దగ్గరగా చూసుకుంటారు. శంఖుపుష్పం, నిమ్మగడ్డి లాంటివి అమ్మితే వాటికి టీ అని పేరు పెట్టకండి. టీ చెట్టు ఆకుకే ఆ మాట చెల్లుతుంది.

సరిహద్దులో ఉన్నవాళ్లం ఒకటి మర్చిపోతుంటాం. ఆంధ్రలోని ఇచ్ఛాపురం మనకు పక్క వీధిలా ఉంటుంది, చుట్టాలంతా అటే ఉంటారు. కానీ బరంపురం నుంచి ఇచ్ఛాపురం కొట్టుకు ప్యాకెట్లు వేస్తే జీఎస్టీ లెక్కలో అది వేరే రాష్ట్రానికి అమ్మినట్టే. మీ అమ్మకం ఎంత చిన్నదైనా ముందు నమోదు తప్పనిసరి. చిన్న వ్యాపారులు అమ్మకం మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపొజిషన్ పథకంలో ఉంటే అలా అమ్మనే కూడదు. నేను పర్లాకిమిడి నుంచి ఆటోలో పాతపట్నం సరకు పంపే రోజుల్లో ఈ సంగతి ఆలస్యంగా తెలిసి చాలా కంగారుపడ్డాను. మొదటి ఆరు నెలలు ఒడిశా లోపలే అమ్మండి. గిరాకీ కుదిరాక మంచి అకౌంటెంట్‌ను కలిసి అటు అడుగు వేయండి.

దసరాకు తొందరపడకండి. ఆ లోపు సాంపిళ్లు తెప్పించి, మీ వీధిలో పది ఇళ్లకు 20 గ్రాముల పొట్లాలు ఉచితంగా ఇచ్చి, వారం తర్వాత వెళ్లి అడగండి. "బాగుంది" అన్నవాళ్ల మాట రాసుకోకండి. "ఇంకొంచెం ఉందా?" అన్నవాళ్లు ఎంతమందో లెక్కపెట్టండి. పదిలో నలుగురు అలా అడిగితే సరకు తెప్పించండి.

మీ మరిది ఆ బ్రోకర్‌కు జవాబు చెప్పాలి కదా. కోపం తెచ్చుకోకుండా, అతని మీద అనుమానం చూపకుండా ఇలా చెప్పమనండి: "మా వదినగారు సరకు చూసి గానీ కొనరు. తోట పేరు, తయారైన తేదీ, లాట్ నంబరు రాసి 100 గ్రాములు పంపండి, దాని డబ్బు ఇస్తాం. నచ్చితే అదే లాట్‌లో 2 కిలోలు తీసుకుంటాం, సాంపిల్‌తో కలవకపోతే వాపసు." పంపితే పైన చెప్పిన నాలుగు కప్పుల వరసలో దాన్నీ ఒకటిగా పెట్టండి. పంపకపోతే ఇంకోసారి ఫోన్ చేయవద్దనండి.